మోడరేట్ అని రాసి ఉన్న దారి

మా సెక్షన్‌లో మేమిద్దరం ఒకే రోజు చేరాం. ఇద్దరిదీ ఒకే డిప్లొమా, ఒకే గ్రేడు, చాలా ఏళ్ళు ఒకే షిఫ్టు. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టులో ఉద్యోగానికి వచ్చి విశాఖపట్నంలో స్థిరపడ్డాడు. నాతో చేరినతను యారాడ వాడు. వాళ్ళ నాన్న, అన్నలు అప్పటికింకా సముద్రం మీద చేపల వేటకి వెళ్తుండేవాళ్ళు. మా మధ్య చుట్టరికమేమీ లేదు. ఇక్కడ మగవాళ్ళు కాస్త దగ్గరైతే చాలు, బావా అని పిలుచుకుంటారు. అలా నేనతనికి బావని, అతను నాకు బావ. ఉక్కు కర్మాగారంలో మా పని రోలింగ్ మిల్లు దగ్గర. ఆ వేడిలో ఎనిమిది గంటలు నిలబడ్డవాడికి చలి అంటే ఒక రకమైన ఆశ. మంచు కొండల మాట మొదట వచ్చింది అందుకేనేమో.

తొంభైల చివర్లో, ఒక వేసవికి ముందు, మా క్లబ్బు నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్ళని బ్యాచీలుగా హిమాలయాలకి తీసుకెళ్ళే సంస్థ ఒకటి పంపింది. అందులో మూడు దారులున్నాయి. ఒక్కోదాని పక్కన ఒక్కో మాట: ఈజీ, మోడరేట్, డిఫికల్ట్.

"మొదటిసారి గదా బావ, ఈజీ సాల్దా?" అన్నాడతను.

ఈజీ అంటే రిటైరైనవాళ్ళకీ స్కూలు పిల్లలకీ అని చెప్పాను. మోడరేట్ అంటే మనలాంటివాళ్ళకి అన్నాను. నా మనసులో ఆ మాటకి అర్థం చాలా తేలిక. మరీ నిట్టనిలువుగా ఉండదు, మరీ చదునుగా ఉండదు, అంతే. కొండ కష్టమంటే దాని వాలే అనుకునేవాణ్ణి. ఆ లెక్కకి నా దగ్గర కొలబద్ద కూడా ఉంది, యారాడ కొండ. వీక్లీ ఆఫ్ వచ్చినప్పుడల్లా పొద్దున్నే అతని ఊరు వెళ్ళేవాళ్ళం. భుజం సంచుల్లో ఇటుకలు పెట్టుకుని బీచి వైపు నుంచి ఎక్కేవాళ్ళం. ప్రతిసారీ నేనే ముందు. అతను దారిలో కట్టెలకొచ్చిన వాళ్ళతో మాట్లాడుతూ, జీడిమామిడి చెట్ల కింద కూర్చుంటూ, మెల్లగా వచ్చేవాడు. నేను పైన నిలబడి, కింద రేవులోకి వచ్చే ఓడల్ని చూస్తూ అతని కోసం ఎదురుచూసేవాణ్ణి. ఆ ఎదురుచూడటం నాకు చాలా బాగుండేది.

మోడరేట్‌కే పేర్లిచ్చాం. మా ఊరి నుంచి మేమిద్దరమే. మిగతా బ్యాచి అంతా బొంబాయి, బెంగుళూరు, నాగపూర్ వాళ్ళు.

మే నెలలో కులూ పక్కన బేస్ క్యాంపుకి చేరాం. అక్కడ ఒక రోజు ఊరికే చుట్టుపక్కల తిప్పారు. ఒళ్ళు ఆ గాలికి అలవాటు పడాలట. క్యాంపు లీడర్ హిందీలో గబగబా ఏవో జాగ్రత్తలు చెప్పాడు. మెల్లగా నడవాలి, నీళ్ళు తాగుతుండాలి, తల నొప్పెడితే దాచకూడదు. నేను అది వింటూనే కొత్త బూట్ల లేసులు సరిచేసుకుంటున్నాను. నా చెవికి అవన్నీ ఈజీ వాళ్ళకి చెప్పే మాటల్లా ఉన్నాయి.

మొదటి క్యాంపుకి అందరికంటే ముందు చేరాను. రెండో క్యాంపు దారిలో దేవదారు చెట్లు అయిపోయి బయలు వచ్చింది, అక్కడక్కడ మంచు. అక్కడ మొదలైంది నొప్పి. కణతల దగ్గర ఎవరో సన్నగా సుత్తితో కొడుతున్నట్టు. సాయంత్రం లీడర్ ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చాడు. నా కంటే చిన్న వాళ్ళు, ఆడపిల్లలు, హాయిగా పాటలు పాడుకుంటున్నారు. నాకేమీ లేదన్నాను. అన్నం వాసన పడక, కడుపు బాగోలేదని చెప్పి గుడారంలోకి వెళ్ళి పడుకున్నాను.

తెల్లారేసరికి నా బూటు లేసు నేను కట్టుకోలేకపోయాను. వేళ్ళు నావి కావు. బావ చూస్తున్నాడు. వంగి నా లేసులు కట్టాడు, తిన్నగా వెళ్ళి లీడర్ని పిలుచుకొచ్చాడు. ఆయన కర్రతో నేల మీద ఒక గీత గీసి, మడమకి కాలివేళ్ళు ఆనించుకుంటూ దాని మీద నడవమన్నాడు. కల్లు దుకాణం ముందు తాగినవాణ్ణి నడిపించినట్టు, బ్యాచి అంతా చూస్తుండగా, నేను నడిచాను. మూడో అడుగుకే పక్కకి పడ్డాను. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కొంత నయంగా ఉండేది.

వెంటనే దింపెయ్యాలన్నాడు లీడర్. నీకు తోడుగా క్యాంపు మనిషి ఒకడు వస్తాడు, నీ స్నేహితుడు బ్యాచితో వెళ్ళొచ్చన్నాడు. ఆ దారిలో అందరూ దాటాల్సిన కనుమ ఇంకా రెండు క్యాంపుల దూరం. బావ అప్పటికే తన సంచీ సర్దుకుంటున్నాడు. నువ్వెళ్ళు, నేను దిగిపోతానని నోరు తిరగని మాటలతో చెప్పాను.

"ఎల్లి ఏటి సేత్తాను?" అన్నాడు. "కింద నువ్వెలాగున్నావో అని మంచులో కూకుని ఏడవాలా?"

నన్ను కంచర గాడిద మీద కూర్చోబెట్టి, పడిపోకుండా దుప్పటితో కట్టారు. దారిలో వెనక బ్యాచి ఎదురొచ్చింది. కాలేజీ అమ్మాయిలు పక్కకి తప్పుకుని దారిచ్చారు. అందులో ఒకమ్మాయి, పాపం అంకుల్, అంది హిందీలో. నాకప్పటికి ముప్పై అయిదు నిండలేదు. ఆ మాట వినకుండా ఉండటానికి కళ్ళు మూసుకున్నాను. మూసుకోగానే వాంతయింది. బావ తన టోపీ నా మూతి కింద పెట్టాడు. తర్వాత ఆ టోపీని వాగులో ఉతికి, తడిది తడిగానే తలకి పెట్టుకుని నడిచాడు.

కింద చిన్న ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. మర్నాటికి మాట స్పష్టంగా వచ్చింది. అక్కడి డాక్టరమ్మ నా వయసే ఉంటుంది. మంచం పక్కన కూర్చుని, ఇది నీకు సరిపోయే దారని ఎవరు చెప్పారని అడిగింది. మోడరేట్ అని రాసి ఉందన్నాను. ఎత్తులో గాలి పల్చనై వచ్చిన జబ్బిదని ఆమె ఓపికగా చెప్పింది. ఆ మాట కొండ వాలు గురించి మాత్రమే కాదు. ఏ ఎత్తులో నడుస్తావన్నదాని కంటే ఏ ఎత్తులో పడుకుంటావన్నది ముఖ్యం. నిన్న పడుకున్నచోటికీ ఇవాళ పడుకునేచోటికీ ఎంత తేడా, కాళ్ళ కింద మంచా మట్టా, విరామం లేకుండా ఎన్ని రోజులు, జబ్బు చేస్తే రోడ్డు ఎంత దూరం, ఇవన్నీ కలిపి ఆ ఒక్క మాటలో పెడతారు. అదైనా ఒక్కో సంస్థ ఒక్కోలా పెడుతుంది. ఒకరి మోడరేట్ ఇంకొకరికి డిఫికల్ట్. ఎంత వేగంగా ఎక్కగలవన్నది ఇందులో చాలా చిన్న సంగతి, వేగంగా ఎక్కేవాళ్ళే మా దగ్గరికి ఎక్కువ వస్తారంది.

మరి అతనిదీ మా సముద్రం ఒడ్డే కదా, అతనికేం కాలేదే అని అడిగాను. శరీరం సంగతి ముందుగా ఎవరూ చెప్పలేరంది. అది నీ తప్పు కాదంది. ఆ మాట నాకేమీ ఊరటనివ్వలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాను.

నేను ఆక్సిజన్ పెట్టుకుని ఉన్న ఆ మొదటి రోజు బావ ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి మా క్వార్టర్స్‌లో పక్కింటికి ఫోన్ చేశాడు. అనుకున్న రోజు ఫోన్ రాకపోతే నా భార్య కంగారుపడుతుందని అతనికి తెలుసు. ఆవిడ ఫోన్ దగ్గరికి వచ్చి, ఆయనేరి అని అడిగిందట. అతను నోటికి ఏది వస్తే అది అన్నాడు. నాకే ఒంట్లో బాగోనేదండి, బావ నన్ను కిందకి దింపీసి ఇక్కడ సూసుకుంటన్నాడు, ఇప్పుడు మందులకి ఎల్లినాడు. అంతే. ఆ విషయం నాకు చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్దదని అనుకోలేదేమో.

విశాఖపట్నం స్టేషన్‌కి నా భార్య వచ్చింది. మేం దిగగానే నన్ను కాదు, అతన్ని చూసింది.

"ఇప్పుడెలా ఉందండీ మీకు?" అంది.

అతను నా వైపు ఒకసారి చూసి, బాగుందండి అని నవ్వాడు. నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆటోలో గాజువాక దాటకముందే నా భార్యకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ ముందు నమ్మలేదు. పగిలిన పెదాలూ, సూది గుచ్చిన చెయ్యీ చూసి నమ్మింది. నమ్మి ఏడ్చింది. కళ్ళు తుడుచుకున్నాక నెమ్మదిగా అంది, కాలనీలో అందరికీ తనే చెప్పానని, పక్కింటివాళ్ళకీ గుళ్ళోనూ కూడా, మా ఆయన స్నేహితుడి ప్రాణం కాపాడారని.

ఆ ఆదివారం క్లబ్బులో మమ్మల్ని మాట్లాడమన్నారు. హిమాలయాల అనుభవాలు. నేను మైకు ముందుకెళ్ళి మొదటి మాటగానే చెప్పేశాను. జబ్బు చేసింది నాకు, దింపింది అతను, నా కోసం కనుమ వదులుకున్నది అతను. తర్వాత చప్పట్లు. గట్టిగా, ఆగకుండా. సెక్రటరీగారు లేచి, స్నేహితుడి పరువు కాపాడటానికి నింద తన మీద వేసుకున్న ఇలాంటి మనసు ఎంతమందికుంటుందని అన్నారు. శాలువా నాకే కప్పారు. నేను కాదండీ అని మళ్ళీ అన్నాను. చప్పట్లు ఇంకా పెరిగాయి. మూడో వరసలో బావ కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ నవ్వుని కూడా వాళ్ళు సిగ్గు కింద జమకట్టారు.

సెక్షన్‌లో అతనికి ఆక్సిజన్ అని పేరొచ్చింది. కర్మాగారంలో ఆక్సిజన్ ప్లాంటు ఉంది కాబట్టి హాస్యానికి లోటు లేదు. ఈసారి వెళ్ళేటప్పుడు మనది ఒక సిలిండరు మోసుకెళ్ళరా అనేవాళ్ళు. నేను మనిషి మనిషినీ పట్టుకుని నిజం చెప్పాను. క్యాంటీన్‌లో, బస్సులో, షిఫ్టు మారేచోట. ఎంత చెబితే నా మనసు అంత పెద్దదైపోయేది, అతని ఊపిరితిత్తులు అంత చిన్నవైపోయేవి. చివరికి ఒకరోజు అతనే నన్ను పక్కకి తీసుకెళ్ళాడు.

"వదిలీ బావ. నువ్వు సెప్పేకొద్దీ నాకు ఎక్కువైపోతంది."

అప్పటి నుంచి చెప్పడం మానేశాను. మానేశాక ఇంకా కష్టమైంది. టీ తాగుతుంటే ఎవరో ఆక్సిజన్ అని పిలుస్తారు, అతను ఓయ్ అని పలుకుతాడు, నా గ్లాసు చేతిలోనే ఉండిపోతుంది. నేను దొంగిలించనిది నా దగ్గర ఉంది. తిరిగిస్తానంటే ఎవరూ పుచ్చుకోరు.

వర్షాకాలంలో ఒకరోజు కూర్మన్నపాలెంలో వాళ్ళింటికి వెళ్ళాను. అతను లేడు, డ్యూటీకి వెళ్ళాడు. అతని భార్య నన్నెప్పుడూ అన్నయ్యా అని పిలిచేది. ఆ రోజు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, తను గుమ్మం దగ్గరే నిలబడింది. ఎలా ఉన్నావమ్మా అన్నాను.

"నిజం నాకు తెల్సు అన్నయ్యా," అంది. "ఆయన ఆ రోజే సెప్పీసినారు. మరి నాను బయట సెప్తే మొగుణ్ణి ఎనకేసుకొత్తందంటారు. మొన్న యారాడలో పెళ్ళికెల్తే మా తమ్ముడే నవ్వినాడు, సంద్రం మీదకెల్లే ఇంట్లో పుట్టి గాలికి పడిపోనాడా అని. మా మావగోరు అన్నం కాడ తలెత్తనేదు."

ఆమె గొంతు పెద్దది చెయ్యలేదు. నేను ఎవరికైనా ఇంకా చెప్పి చూస్తానన్నాను. అక్కర్లేదంది.

"మీ ఇద్దరికీ అది సరదాగుంది. ఆయన నవ్వేత్తారు, మీరు బాదపడతారు. నాకేటుంది అందులో? ఆయన్ని మళ్ళీ పంపించండి. అది దాటొత్తే సాలు."

ఆ 'సరదా' అన్న మాట దగ్గర నేను తల వంచుకున్నాను. నా సిగ్గు నాకు ఒక రకం భోగమైపోయిందని, దాని ఖర్చు ఇంకెవరో భరిస్తున్నారని, అంతకుముందు నాకు తట్టలేదు.

అతన్ని ఒప్పించడానికి చాలా కాలం పట్టింది. నువ్వొస్తే వస్తానన్నాడు. నాకు మళ్ళీ ఆ కొండ ముఖం చూడాలని లేదు. కానీ అతను ఒంటరిగా వెళ్ళడు. రెండువేల సంవత్సరం దాటాక, సెలవులు కుదిరిన ఒక ఏడాది, బయల్దేరాం. ఈసారి నేను ఇటుకలు మొయ్యలేదు. ఢిల్లీలో ఆ సంస్థ ఆఫీసుకి ఫోన్ చేసి, ఏ రాత్రి ఏ ఎత్తులో పడుకుంటామో, ఎక్కడ నుంచి కిందకి తేలిగ్గా దిగొచ్చో, మధ్యలో ఆగిపోతే ఉండటానికి చోటుంటుందా, అన్నీ విసుగు పుట్టేలా అడిగాను. అవతల మనిషి, మీకిది మొదటిసారా అన్నాడు. కాదు, రెండోసారి అన్నాను. మా కర్మాగారం ఆసుపత్రి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పుకున్నాను. ఒకసారి అలా అయిన ఒంటికి మళ్ళీ అయ్యే అవకాశం ఎక్కువ, చెట్లున్నంతవరకే వెళ్ళమన్నారు. అదే దారి, అదే మోడరేట్. అందులో నాకు సరిపోయే ముక్క మొదటి క్యాంపు వరకు. అక్కడితో ఆ దారి నాకు అయిపోతుంది.

మొదటి క్యాంపులో సాయంత్రం లీడర్ అడుగుతూ వచ్చాడు. ఈసారి ఎవరో కొత్తాయన. నా వంతు రాకముందే చెయ్యెత్తి, తల కొంచెం బరువుగా ఉంది, రేపు నేను రానని చెప్పాను. పక్కనున్న కుర్రాళ్ళు తిరిగి చూశారు. నా చెవులు వేడెక్కాయి. ఆ మాట చెప్పడం ఇంత చిన్న పనైనప్పుడు, అప్పుడెందుకు చెప్పలేకపోయానో నాకు తెలియలేదు.

పొద్దున్న అతను బయల్దేరాడు. వెనక్కి వెనక్కి చూస్తున్నాడు. నువ్వెళ్ళు బావా, నాకేం కాలేదు, ఇడ్లీ తిన్నంత హాయిగా ఉన్నానని అరిచాను. చెట్ల చివర మలుపు దగ్గర చెయ్యూపి, కనపడకుండా పోయాడు. నేను దిగి వచ్చి, అవతలి లోయలో వాళ్ళు దిగే ఊళ్ళో, ఒక టీ కొట్టు పైన గది తీసుకుని కాచుకున్నాను. కొట్టాయనకి నేనేం చేస్తున్నానో అర్థమయ్యేది కాదు. కొండ ఎక్కడానికి అంత దూరం నుంచి వచ్చి, ఎక్కకుండా రోజూ దాని వైపు చూస్తూ కూర్చునేవాణ్ణి.

బ్యాచి దిగిన రోజు అతను అందరికంటే వెనక వచ్చాడు, ఎవరో మరాఠీ ముసలాయన సంచీ కూడా మోసుకుంటూ. ముక్కు మీద తోలు లేచిపోయింది. దాటావా అన్నాను. దాటీసినాను అన్నాడు. ఎలా ఉంది అన్నాను.

"సూడ్డానికి ఏటీ నేదు బావ. మబ్బేసీసింది. నా సెయ్యి నాకే కనబడ్నేదు. ఇదే కనుమ, ఫోటో తీసుకోండి అన్నారు. తీసుకున్నాం. దిగొచ్చీసినాం."

మొదటిసారి మా బ్యాచి దాటిన రోజు నాకు గుర్తుంది. ఆసుపత్రి కిటికీలోంచి ఆ కొండలు ఎవరో కడిగి ఆరబెట్టినట్టున్నాయి, ఎక్కడా ఒక్క మరక మబ్బు లేదు. ఆ రోజు అతను నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని బత్తాయి వలుస్తున్నాడు. ఆ సంగతి అతనికి గుర్తు చెయ్యలేదు. అతనికి గుర్తు లేదని కూడా అనుకోను.

స్టేషన్‌కి ఈసారి అతని భార్య వచ్చింది. ముందు నా దగ్గరికే వచ్చి, దాటినారా అన్నయ్యా అని అడిగింది. దాటాడమ్మా అన్నాను. మీరు సూసినారా అంది. లేదు, నేను కింద ఆగిపోయానన్నాను. ఆమె తల ఊపి, అతని వైపు తిరిగి, ఎలాగుందని అడిగింది. మబ్బు, ఏటీ కనబడ్నేదు అన్నాడతను.

ఆమె ముందు అతని ముఖం చూసింది. తర్వాత నవ్వడం మొదలెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

"అంత దూరం ఎల్లి మబ్బు సూసొచ్చినావా? అదేదో మన కొండ మీద నేదా?"

అతనూ నవ్వాడు. పక్కన ట్రాలీ తోసుకెళ్తున్న పోర్టరు కూడా, ఎందుకో తెలియకుండానే నవ్వాడు. నేనూ నవ్వాను. ఆలస్యంగా, జాగ్రత్తగా, వాళ్ళింట్లో పరాయివాడు నవ్వినట్టు. సెక్షన్‌లో తర్వాతి వారానికే కొత్త కథ పుట్టింది. స్నేహితుడు దాటాలని నేను కావాలని కిందే ఉండిపోయానట. అది విని నేను కాదనలేదు, అవుననలేదు, గ్లవ్స్ వేసుకుని మిల్లు వైపు నడిచాను. ఆక్సిజన్ అన్న పేరు మాత్రం ఆ ఏడాదిలోనే పోయింది.

ఆ రోజు స్టేషన్ బయట ఆమె ఆటో మాట్లాడింది. కూర్మన్నపాలెం దాకా ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. సంచులు నా ఒళ్ళో ఉన్నాయి. ఇంట్లో వంజరం సేపల పులుసు పెట్టాను, తిని ఎల్లండి అన్నయ్యా, అందామె. సరేనన్నాను.